స్లింగ్ వదులైతే ముప్పు, ఉగ్గు పలచనైతే నష్టం

అమ్మా, నువ్వు అడిగినవి ముఖ్యంగా మూడు. పాపకు ఐదు నెలలు, ఆరున్నర కిలోల బరువు. వచ్చే నెల నుంచి నువ్వు కావలిలో టీచరుగా బడికి తిరిగి వెళ్లాలి, పాపను అత్తగారు చూసుకుంటారు. ఇంట్లో ఉన్న నూలు చీరలతో, పాపను ఒంటికి కట్టుకుని మోసే స్లింగ్ కుట్టుకోవచ్చా అన్నది మొదటిది. డబ్బా పిండి కొనకుండా ఉగ్గు ఇంట్లోనే ఎలా చేసుకోవాలన్నది రెండోది. అత్తగారు ఇప్పుడే పలచగా రాగిజావ మొదలుపెడదామంటున్నారు, పెట్టొచ్చా అన్నది మూడోది.

నేను అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా ఒంగోలు చుట్టుపక్కల, తర్వాత కనిగిరి, పామూరు వైపు పనిచేసి రిటైరయ్యాను. కుట్టుమిషన్ అయితే పెళ్లికి ముందు నుంచీ ఉంది. మనవళ్లకూ, వీధిలో అడిగినవాళ్లకూ స్లింగులు కుట్టి ఇస్తుంటాను. ఇన్నేళ్లలో తల్లుల దగ్గర, అత్తల దగ్గర నేను చూసిన భయాలు రెండే. గట్టిగా కడితే పసిబిడ్డ నలిగిపోతుందేమో అని ఒకటి, చిక్కగా పెడితే అరగదేమో అని ఇంకొకటి. నిజానికి రెండూ తలకిందులు. బిడ్డకు ప్రమాదం వదులు కట్టుతోనే వస్తుంది. బిడ్డ బక్కచిక్కేది పలచటి జావతోనే. మిగతాదంతా దీని చుట్టూ చెప్పే వివరమే.

ముందు బట్ట సంగతి. మన వైపు ఉండి నూలు బట్ట కోసం వెతుక్కోవడమేంటి? పాటూరు చీరో, చీరాల చీరో, బాగా ఉతికి మెత్తబడిన ముతక నూలు చీర ఏదైనా సరే. మెత్తబడింది వేరు, జీర్ణమైంది వేరు. చీరను కిటికీ వెలుగుకు పట్టి బారు పొడవునా చూడు. దారాలు పక్కకు జరిగి సన్నటి గీతల్లా వెలుతురు కనబడితే ఆ చీర పాత గుడ్డల మూటలోకే. తర్వాత రెండు చేతులతో నిలువునా, అడ్డంగా గట్టిగా లాగు. టప్‌మని చిన్న చప్పుడు వచ్చిందంటే లోపల పోగు తెగినట్టే. నడుం దగ్గర దోపుకునే భాగం అన్నిటికంటే ముందు పాడవుతుంది. భుజం మీద పిన్ను గుచ్చే చోట చిల్లులు పడి ఉంటాయి. అవి చిన్నవేలే అనుకోవద్దు. బరువు పడ్డాక చీర చిరగడం ఆ చిల్లు దగ్గరే మొదలవుతుంది.

పెళ్లికి పెట్టిన వెంకటగిరి చీర వాడొచ్చా అన్నావు. అది బీరువాలో దాచుకో తల్లీ. నూరో నంబరు నూలుతో నేసే ఆ చీర కట్టుకోవడానికి హాయిగా ఉంటుంది కానీ బిడ్డ బరువు మోసే బట్ట కాదు. పైగా జరీ అంచు పాప తొడ వెనక ఒరుసుకుని కందిపోతుంది. సిల్కు పేరుతో అమ్మే పాలియెస్టర్ చీరలు అసలే వద్దు. ముడి జారుతుంది, గాలి ఆడదు, మే నెలలో ఆ బట్టలో పాపను కడితే చెమటకాయలు ఖాయం. టీషర్టు గుడ్డలా సాగేది కూడా వద్దు. ఆరున్నర కిలోల పాప అందులో పావుగంటకే కిందికి దిగజారుతుంది.

నీకు నేను చెప్పేది కుట్టే పని దాదాపు లేని కట్టు. చీర పొడవు ఐదున్నర మీటర్లు, పన్నా మీటరు పైచిలుకు. నిలువునా సగానికి మడిస్తే రెండు పొరలుగా రెండు జానల పైన వెడల్పు వస్తుంది, పాప మోకాలి మడత నుంచి మెడ దాకా సరిపోతుంది. ఎండాకాలానికి రెండు పొరలు ఉక్కగా ఉంటాయి కాబట్టి, చీర ముతకదైతే నిలువునా కత్తిరించి డెబ్బై సెంటీమీటర్ల వెడల్పు ఉంచుకుని, కత్తిరించిన అంచు సన్నగా మడిచి కుట్టు. కొత్త చీరైతే ముందు రెండు మూడుసార్లు వేడినీళ్లలో ఉతుకు. కుంచించుకుపోయేదేదో అప్పుడే అయిపోతుంది, గంజి కూడా పోతుంది.

కట్టే పద్ధతి చెబుతాను, మొదట బొమ్మతోనో దిండుతోనో అలవాటు చేసుకో. చీర మధ్యభాగం నీ ఛాతీకి అడ్డంగా పెట్టు. రెండు కొసలూ చంకల కింద నుంచి వీపు వెనక్కి పోనిచ్చి అక్కడ ఒకదాని మీద ఒకటి దాటించి, చెరో భుజం మీద నుంచి ముందుకు తీసుకురా. ఆ రెండు కొసలనూ ఛాతీ మీద ఉన్న అడ్డ పట్టీ లోపల నుంచి కిందికి దించు. ఇప్పుడు ఛాతీ దగ్గర ఒక సంచిలా ఏర్పడుతుంది. పాపను భుజానికి ఎత్తుకుని, కాళ్లు రెండూ నీ నడుముకు చెరోవైపు వచ్చేలా అందులోకి దించు. పట్టీ పై అంచు పాప మెడ వరకు, కింది అంచు రెండు మోకాళ్ల మడతల వరకు రావాలి. ఇక అసలు పని ఇక్కడుంది. ఒక చేత్తో పాప పిర్రల కింద పట్టుకుని, రెండో చేత్తో భుజం మీది బట్టను పోగు పోగుగా లాగుతూ వదులు తీయాలి. ముందు మెడ దగ్గరి అంచు, తర్వాత మధ్యభాగం, చివర మోకాళ్ల దగ్గరి అంచు. కొసలు రెండూ కలిపి ఒక్కసారిగా గుంజితే పైన బిగిసి మధ్యలో వదులుగా మిగులుతుంది. బిగించాక కొసలను పాప పిర్రల కింద దాటించి, తొడల కింద నుంచి వెనక్కి తీసుకుపోయి నడుం దగ్గర రెండు ముళ్లు వెయ్యి.

సరిగ్గా కట్టావా లేదా అని తెలుసుకోవడానికి ముందుకు కాస్త వంగు, ఒక చెయ్యి పాప వీపు మీద ఉంచుకునే. పాప నీ ఒంటికి అంటుకునే ఉంటే బాగున్నట్టు. ఛాతీ నుంచి విడిపోయి వేలాడిందంటే విప్పి మళ్లీ కట్టు. తల వంచితే పాప నడినెత్తిన ముద్దు పెట్టేంత ఎత్తులో ఉండాలి. ముఖం నీకు ఎప్పుడూ కనబడుతుండాలి, ముక్కు మీద బట్ట గానీ నీ రొమ్ము గానీ ఒత్తుకోకూడదు. పాప గడ్డానికి, పాప ఛాతీకి మధ్య రెండు వేళ్లు దూరాలి. గడ్డం ఛాతీకి ఆనుకుంటే పసిబిడ్డల ఊపిరి గొట్టం ముడుచుకుంటుంది. ఏడవదు, గింజుకోదు, నిద్రపోయిందనుకుంటాం. అమెరికాలో వినియోగదారుల భద్రతా సంస్థ 2010లో దీనిమీదే హెచ్చరిక ఇచ్చింది. అంతకు ముందు 20 ఏళ్లలో స్లింగులతో ముడిపడిన 14 పసిబిడ్డల మరణాలను పరిశీలిస్తే వాళ్లలో 12 మంది నాలుగు నెలల లోపువాళ్లు. మీ పాప ఆ వయసు దాటింది, మెడ నిలిచింది కాబట్టి నీకు భయం తక్కువ, అయినా ఏమరుపాటు వద్దు. నెల తక్కువ పుట్టిన బిడ్డ, బరువు తక్కువ బిడ్డ, జలుబుతో ముక్కు మూసుకుపోయిన బిడ్డ అయితే డాక్టరును అడగకుండా కట్టవద్దని మీ తోటి టీచర్లకూ చెప్పు.

కాళ్ల సంగతి. పిర్రల కంటే మోకాళ్లు కాస్త పైకి, కప్ప కూర్చున్నట్టుగా ఉండాలి. తుంటి కీలు సరిగ్గా కుదురుకునే భంగిమ అదే. కాళ్లు రెండూ దగ్గరకు చేర్చి, తిన్నగా చాపి కట్టడం మంచిది కాదు. బజారులో అమ్మే కొన్ని సంచుల్లో బిడ్డ తొడల మధ్య సన్నటి పట్టీ మీద వేలాడుతుంటుంది, లోకాన్ని చూస్తుందని ముఖం బయటికి తిప్పి మరీ కడతారు. రెండు మూడు వేలు పోసి అలాంటివి కొనడం నాకైతే నచ్చదు.

బట్టను ముడి వేయకుండా రెండు ఉంగరాల్లోంచి లాగి బిగించే ఉంగరాల స్లింగ్ కుట్టాలని ఉంటే దానికి రెండుంబావు మీటర్ల బట్ట చాలు. కానీ ఉంగరాలే చిక్కు. పరదాలకు, హ్యాండ్‌బ్యాగులకు వాడే ఉంగరాలు పనికిరావు. అతుకు ఉన్నది ఏదైనా బరువుకు విచ్చుకుంటుంది. స్లింగుల కోసమే చేసిన, అతుకు లేని అల్యూమినియం ఉంగరాలు మూడంగుళాలవి ఆన్‌లైన్‌లో జతగా దొరుకుతాయి. అవి దొరికితేనే కుట్టు, లేకపోతే పైన చెప్పిన కట్టుతో సరిపెట్టుకో. కుట్టేటప్పుడు పాలిస్టర్ దారం వాడు, నూలు దారం చెమటకు, ఉతుకులకు పోతుంది. 16వ నంబరు సూది పెట్టి, బట్ట కొసను రెండు ఉంగరాల్లోంచి జానెడు వెనక్కి మడిచి మూడు వరసలు కుట్టు. దారం బట్టకు కలవని రంగులో ఉండాలి. టైలరు ఒప్పుకోడు, ఆకుపచ్చ చీర మీద ఎర్రదారం అసహ్యంగా ఉంటుందమ్మా అంటాడు. ఒప్పుకోకు. కుట్టు ఎక్కడ వదిలిందో కంటికి తెలియాలంటే ఆ అసహ్యమే కావాలి. కుట్టాక పదికిలోల బియ్యం మూట అందులో వేసుకుని ఇంట్లో అటూ ఇటూ తిరుగు, కూర్చుని లేచి చూడు, తర్వాత కుట్లన్నీ తడిమి చూడు. పాపను ఎక్కించేది ఆ తర్వాతే.

స్లింగులో పాపతో బండి ఎక్కవద్దు. కావలిలో ఎంత దగ్గరైనా సరే. నాలుగేళ్ల లోపు పిల్లలను బండి మీద తీసుకెళ్తే నడిపేవారికి కట్టే సేఫ్టీ బెల్టు ఉండాలని, 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని, తొమ్మిది నెలలు నిండినవాళ్లకు హెల్మెట్ ఉండాలని కేంద్రం 2022లో నిబంధన తెచ్చింది. చీర కట్టు ఆ బెల్టు కాదు. పాప ముందు ఉండగా పొయ్యి దగ్గర పోపు కూడా పెట్టవద్దు. ఆవాలు చిటపటలాడేది సరిగ్గా పాప కాళ్ల ఎత్తులోనే.

ఎండల్లో ఇద్దరి ఒంటి వేడీ కలుస్తుంది. పాపకు ఒక పలచటి జుబ్బా చాలు, టోపీ వద్దు. మెడ వెనక చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది, చెమటతో తడిగా వేడిగా ఉంటే విప్పేసి గాలికి పడుకోబెట్టు. ఆరు నెలలు నిండేదాకా దాహానికి కూడా పాలే. వడగాడ్పుల్లో మాటిమాటికీ పాలిస్తే చాలు, నీళ్లు పట్టనక్కర్లేదు.

దూలానికి కట్టే చీర ఉయ్యాల గురించి నువ్వు అడగలేదు గానీ పగలంతా పాప ఉండేది అందులోనే అని నాకు తెలుసు. ఉయ్యాల మానమని అత్తగారికి చెప్పడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు. కనీసం పైన అడ్డంగా కర్ర పెట్టి బట్ట విచ్చుకునేలా చేయించు, పాప ముడుచుకుపోకుండా ఉంటుంది. కింద నేల మీద పరుపు వేసి ఉంచండి. గాఢనిద్ర పట్టాక తీసి గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టమనండి. బోర్లా పడి పాకడం మొదలయ్యాక ఆ ఉయ్యాల విప్పేయాల్సిందే, మెడకు గుడ్డ చుట్టుకుంటుంది.

ఇక ఉగ్గు. మీ అత్తగారికి నా నమస్కారం చెప్పి, ఇంకో నెల ఆగమను. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప ఏదీ అవసరం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటా అదే, మేం ఊరూరా చెప్పిందీ అదే. నువ్వు బడికి వెళ్లే పూటలకు నీ పాలు పిండి పెట్టు. శుభ్రంగా మరిగించిన స్టీలు గిన్నెలో పిండి, మూత పెట్టి ఫ్రిజ్‌లో తలుపు పక్కన కాకుండా లోపలి వైపు పెట్టు, 24 గంటల్లో వాడేయమను. తాగించే ముందు పాల గిన్నెను వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచితే చాలు, పొయ్యి మీద కాయవద్దు. సీసా కొననే కొనవద్దు. మీ ఇంట్లో ఉగ్గుగిన్నె లేకపోతే పుట్టింట్లో ఉంటుంది. ఆ ముక్కు ఉన్న గిన్నెకు మూలలు లేవు, మురికి దాక్కోదు.

ఆరు నిండి, పాప ఆనుకుని కూర్చుని, మెడ నిలబెట్టి, చెంచా చూస్తే నోరు తెరిచి, పెట్టింది నాలుకతో బయటికి నెట్టేయకుండా ఉంటే మొదలుపెట్టొచ్చు. అన్నప్రాసన ముహూర్తం కొన్ని రోజులు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు గానీ, ముహూర్తం దొరకలేదని ఎనిమిదో నెల దాకా సాగదీయడం తప్పు. ఆరు నెలలు దాటాక తల్లిపాలలోని ఇనుము బిడ్డకు చాలదు, పుట్టుకతో వచ్చిన నిల్వ అడుగంటుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కలో దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. అందుకే ఆరు నెలలు నిండినప్పటి నుంచి వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు ఐరన్ సిరప్ ప్రభుత్వమే ఇస్తుంది, ఆశ కార్యకర్తను అడుగు.

ఇప్పుడు చిక్కదనం లెక్క చూద్దాం. ఆరున్నర, ఏడు కిలోల బిడ్డ పొట్ట ఒక విడతకు మహా అయితే రెండువందల మిల్లీలీటర్లు పడుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య పాలు కాకుండా పైతిండి నుంచి రోజుకు 200 కేలరీలు రావాలి. గ్లాసెడు నీళ్లలో ఒక చిన్న చెంచా రాగిపిండి కాచి పోసే జావ ఉంది చూడు, మన ఇళ్లలో అత్తలు అమృతం అనుకునేది, అందులో పట్టుమని పదిహేను కేలరీలు ఉండవు. పొట్ట మాత్రం నిండిపోతుంది, ఆ పూట పాలు కూడా తాగదు. కనిగిరి వైపు ఊళ్లలో తూకం వేసినప్పుడు బరువు కదలని బిడ్డల తల్లులను ఏం పెడుతున్నావమ్మా అంటే, రోజూ రాగిజావ పోస్తున్నాం కదా అనేవాళ్లు. పోస్తున్నాం అన్న మాట వినగానే నాకు సంగతి అర్థమైపోయేది. ఉగ్గు పోసేది కాదు, పెట్టేది. చెంచాతో తీసి ఒకపక్కకు వంచు. జారి ధారగా పడిపోతే పలచన. చెంచాను పట్టుకుని, వంచినా నింపాదిగా కదిలితే సరైన చిక్కదనం.

బియ్యం ఉగ్గు ఇలా చెయ్యి. మూడు వంతుల బియ్యానికి ఒక వంతు పెసరపప్పు. నెల్లూరు సన్నాలే వాడు, నూక ఉంటే ఇంకా మంచిది, దాన్ని ఎటూ పగలగొట్టాలి కదా. రెండూ విడివిడిగా కడిగి, గుడ్డ మీద ఎండబెట్టి, విడివిడిగానే సన్నమంట మీద వేయించు. పప్పు దోరగా మారి కమ్మటి వాసన వస్తుంది, బియ్యం గింజ పంటి కింద పటుక్కున విరుగుతుంది. చిటికెడు జీలకర్ర వేసి సన్నరవ్వలా మిక్సీ పట్టు. రెండు పెద్ద చెంచాల రవ్వను ముప్పావు గ్లాసు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, అప్పుడు పొయ్యి మీద పెట్టి పది నిమిషాలు తిప్పుతూ ఉడికించు. దించాక అర చెంచా నెయ్యి. నెయ్యి అరగదని మొదట్లో మానేస్తారు. చిన్న పొట్టలో ఎక్కువ బలం పట్టించే దారుల్లో అదొకటి, మానవద్దు. ఉప్పు, చక్కెర, బెల్లం ఏడాది దాకా వద్దు. మన నోటికి చప్పగా ఉంటుంది, పాపకు కాదు.

రాగులు మానమని నేను అనడం లేదు. నూరు గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, బియ్యంలో దాని లెక్కే లేదు. కానీ మొలకెత్తించి వాడు. గాలించి రాళ్లు తీసేసి, రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు వంపి, పలచటి నూలు గుడ్డలో మూటకట్టి వేలాడదియ్యి. ఆరిపోకుండా మధ్యమధ్యలో నీళ్లు చల్లు. మన ఉక్కకు మర్నాటికల్లా గుడ్డలోంచి తెల్లటి మొలకలు పొడుచుకొస్తాయి. బంకగా తగిలినా, పులిసిన వాసన వచ్చినా ఆ మూట పారబోయాల్సిందే. బాగుంటే పలచగా పరిచి ఎండబెట్టు, చేత్తో నలిపితే మొలకలు రాలిపోవాలి. తర్వాత బాగా సన్నమంట మీద కాస్తంత వేడి చెయ్యి చాలు. మరలో ఆడించేటప్పుడు ఒక జాగ్రత్త. నీ ముందు మిరపకాయలు ఆడించినవాళ్లు ఉంటే, మధ్యలో ఇంకెవరిదైనా బియ్యప్పిండి ఆడేదాకా ఆగు, నీ గింజల్లో తొలి గుప్పెడు పిండి పక్కన పారేయించు. ఇంటికి తెచ్చి పలచటి గుడ్డలో జల్లిస్తే పొట్టు పోతుంది.

మొలక పిండితో ఒక తమాషా చూపిస్తా. గరిట నిలబడేంత చిక్కగా అన్నపు ఉగ్గో రాగి ఉగ్గో ఉడికించి దించు. మరీ సెగలు పోయాక, ఇంకా వేడిగా ఉండగానే అర చెంచా మొలక రాగిపిండి వేసి కలుపు. రెండు మూడు నిమిషాల్లో ఆ ముద్ద మెత్తగా వదులై పాప మింగగలిగేలా అవుతుంది. ఒక్క చుక్క నీళ్లు కలపలేదు, అంటే బలం ఎక్కడికీ పోలేదు. మొలకలో పుట్టే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది, అంతే. పిండిని మాడ్చి వేయిస్తే ఈ గుణం చచ్చిపోతుంది, సన్నమంట అన్నది అందుకే. కలిపాక మళ్లీ పొయ్యి మీద ఒక పొంగు రానిచ్చి దించు. చిక్కగా పెడితే అరగదు అనే అత్తగారికి ఇది కళ్లముందే చేసి చూపించు, నా మాట కంటే ఇది బాగా పనిచేస్తుంది. మొలకెత్తించినందువల్ల గింజలోని ఇనుము కూడా ఒంటికి బాగా పడుతుంది. దానికి తోడు పొదలకూరు నిమ్మకాయ నాలుగు చుక్కలు పిండితే మరీ మంచిది.

మొదటి వారం రోజుకు రెండు పూటలు, రెండు మూడు చెంచాలు చాలు. తర్వాత మెల్లగా అర గిన్నె దాకా తీసుకురా. తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగు పూటలు, మధ్యలో ఒక పండు. అప్పటికి మిక్సీ మానేసి చేత్తో మెదిపి పెట్టాలి. ఏడాది దాకా పేస్టులా పెట్టిన పిల్లలు ఆ తర్వాత మెతుకు తగిలితే వాంతి చేసుకుంటారు. రోజుకొకటి కాకుండా రెండు మూడు రోజులకొక కొత్త పదార్థం పరిచయం చెయ్యి, పడనిదేదో తెలుస్తుంది. గుమ్మడికాయ, చిలగడదుంప, మునగాకు, తోటకూర, అరటిపండు, సపోటా, అన్నీ మన పెరట్లో, సంతలో దొరికేవే.

గుడ్డు ఏడాది దాకా పెట్టకూడదన్నది పాత మాట. బాగా ఉడికించిన గుడ్డు, పచ్చసొన, తెల్లసొన రెండూ, ఆరు దాటాక పెట్టొచ్చు. వేరుశనగ కూడా అంతే. ఆలస్యం చేస్తే అలర్జీ తగ్గుతుందనుకునేవాళ్లు, 2015లో ఇంగ్లండులో వచ్చిన పెద్ద పరిశోధన దాన్ని తిరగేసింది. తొందరగా మొదలుపెట్టిన పిల్లల్లోనే ఆ అలర్జీ బాగా తక్కువగా వచ్చింది. కాకపోతే పాపకు ఒంటినిండా గజ్జిలా పొక్కులుంటే డాక్టరును అడిగి మొదలుపెట్టు. గింజగా వద్దు, వేయించి పొట్టు తీసి మెత్తగా నూరి ఉగ్గులో కలుపు. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి ఒక్కొక్కటీ ఏరేయాలి. ఆ బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పోదు. గింజలు, గుగ్గిళ్లు, వేయించిన శనగలు, కారప్పూస మాత్రం నాలుగైదేళ్ల దాకా చేతికివ్వవద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

నెల్లూరులో పుట్టి చేప తినకపోతే ఎలా అని మీ మామగారు అన్నారట, ఆయన మాట నిజమే. కొరమీను ముక్కను పులుసులో కాకుండా ఆవిరికి ఉడికించి, కంటితో కాదు, వేళ్లతో నలుపుతూ ముల్లు చూడాలి. సన్నముల్లు కంటికి దొరకదు, వేలికి దొరుకుతుంది. తర్వాత అన్నంలో మెదిపి రెండు చెంచాలు.

తేనె నాకించడం, వస అరగదీసి పోయడం ఉంటే ఆపించు. ఏడాది లోపు పిల్లలకు తేనెలోని సూక్ష్మక్రిమి విత్తనాల వల్ల కండరాలు చచ్చుబడే జబ్బు వస్తుంది. వస వల్ల మాటలు తొందరగా వస్తాయన్నది ఉత్తమాట, వాంతులు మాత్రం వస్తాయి. ఆవుపాలు ఉగ్గులో కలిపి ఉడికించవచ్చు గానీ తాగే పాలుగా ఏడాది దాటాకే.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ప్యాకెట్‌ను చాలామంది టీచర్లు, ఉద్యోగస్తులు నామోషీగా తీసుకోరు, కొందరు గేదెకు పెడతారు. అందులో గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటాయి, మంచి తిండే. చక్కెర కూడా ఉంది కాబట్టి నేనైతే ఏడాది లోపు పిల్లలకు రోజూ కాకుండా ఇంటి ఉగ్గుకు తోడుగా ఒక పూట పెట్టమంటాను. డబ్బా పిండి మీద రాసిన బలాలన్నీ చూసి మోసపోకు. పసిపిల్లల పాలపొడికి, పాల సీసాలకు ప్రకటనలు ఇవ్వడాన్ని మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించింది, 2003లో దాన్ని బిగించి రెండేళ్ల లోపు పిల్లల తిండినీ అందులో చేర్చారు. అయినా ఫోన్లో తల్లుల వీడియోల రూపంలో వస్తూనే ఉన్నాయి.

నీళ్ల సంగతి ఎవరూ చెప్పరు గాబట్టి నేను చెబుతాను. మీ అమ్మగారిది పామూరు దగ్గర అన్నావు, సెలవులకు పాపను అక్కడికి తీసుకెళ్తావు. ఆ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట ఒకటిన్నర దాకా అన్నది ప్రమాణం. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. అక్కడ ఉన్నన్నాళ్లూ పాప ఉగ్గుకు, తాగడానికి ప్లాంటు నీళ్లే తెప్పించు, వాటిని కాచి చల్లార్చి వాడు. ఉడికే ఉగ్గు నీళ్లన్నీ పీల్చుకుంటుంది, అందుకే తాగే నీళ్ల కంటే వండే నీళ్లు ముఖ్యం.

పిండి ఒకేసారి నెలకు చేసి పెట్టవద్దు, సముద్రపు గాలికి పదిహేను రోజుల్లో ముక్కిపోతుంది, వేరుశనగ కలిపితే ఇంకా ముందే. దాన్ని వేరే సీసాలో ఉంచి ఏ పూటకాపూట కలుపుకో. ఉడికించిన ఉగ్గు ఎండాకాలంలో గంట దాటితే పెట్టవద్దని అత్తగారికి గట్టిగా చెప్పు. పాప ఎంగిలి చేసి మిగిల్చింది మళ్లీ పెట్టడం అసలే వద్దు. నెలనెలా అంగన్‌వాడీలో తూకం వేయించి టీకాల కార్డులోని గీత మీద చుక్క పెట్టించు. రెండు నెలలు వరసగా చుక్క పైకి కదలకపోతే పిండి మార్చడం కాదు, డాక్టరుకు చూపించు.

స్టెరిలైజర్ కొనాలా అని చివర్లో అడిగావు. అక్కర్లేదు. ఉగ్గుగిన్నె, చెంచా మూత ఉన్న గిన్నెలో మునిగేలా నీళ్లు పోసి పది నిమిషాలు మరిగించి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనిస్తే సరిపోతుంది.